మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక (2024–25): పార్కు తోట

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

రోడ్లు, డ్రైనేజీ, సీసీ కెమెరాల వివరాలు కార్యదర్శి నివేదికలో, జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి. ఇది తోట కమిటీ తరఫున రాస్తున్నది.

నిరుడు సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే పార్కు తూర్పు గోడ వెంబడి క్రోటన్లు తీసేసి, తేనెటీగలకు, తుమ్మెదలకు, సీతాకోకచిలుకలకు పనికొచ్చే మొక్కలు పెట్టాం. తులసి, ఒంటిరెక్క మందారం, మునగ, తంగేడు వేశాం. ముద్ద మందారం ఎందుకు వద్దన్నామని కొందరు అడిగారు. చూడ్డానికి నిండుగా ఉంటుంది గానీ, రెక్కలు కమ్ముకుపోయి లోపలి తేనె, పుప్పొడి అందడం కష్టం. వేసవిలో పాత కానుగ, వేప చెట్లే ఆదుకుంటాయి కాబట్టి వాటి కొమ్మలు పూత కాలంలో కొట్టించొద్దని తీర్మానించాం.

తంగేడు మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మకు కోసుకోండి, కాదనం. చెట్టుకు కొన్ని గుత్తులు మాత్రం వదిలేయండి. ఆ పూలలో పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల్లో దాక్కుని ఉంటుంది, కొసన చిన్న రంధ్రమే దారి. నల్ల తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని జుమ్మని ఒళ్లంతా అదిరిస్తే పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. వంగపూతదీ ఇదే పద్ధతి. మడి దగ్గర పొద్దున్నే నిలబడితే ఆ మోత చెవులారా వినొచ్చు.

ఈ ఏడాది ఎక్కువ చర్చ జరిగింది పురుగుల మీదే. నిమ్మ, కరివేపాకు మొక్కల ఆకులు తినేస్తున్నాయి, మందు కొట్టించమని ఫిర్యాదులొచ్చాయి. అవి సీతాకోకచిలుక పిల్లలు. చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెరిగాక ఆకుపచ్చగా ఉంటాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి. పిల్లలకు మేత లేకుండా ఎన్ని పూలు పూయించినా సీతాకోకచిలుకలు నిలవవు. అందుకే మందు కొట్టించలేదు. మొక్కలు మళ్లీ చిగిర్చాయి. మీ ఇళ్లలో వేపనూనె కొట్టక తప్పదనుకుంటే, తేనెటీగలు గూటికి చేరాక, సాయంత్రం కొట్టండి.

నీళ్ల ట్యాంకు కింద కొండ తేనెటీగలు పట్టు పెట్టినప్పుడు చాలామంది టెన్షన్ పడ్డారు. అది సహజమే, వాటిని కదిలిస్తే ప్రమాదమే. పొగ పెట్టకుండా చుట్టూ తాడు కట్టి, పిల్లల్ని అటు పోనివ్వలేదు. కాలం మారగానే అవే లేచిపోయాయి. సహకరించిన బ్లాకు వాసులకు, కాపలా కాసిన వాచ్‌మన్‌కు మా కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది బోరు పక్కన కొంత నేలకు టైల్స్ వేయకుండా ఉంచాలని ప్రతిపాదిస్తున్నాం. ఒంటరిగా బతికే తేనెటీగలు చాలావరకు మట్టిలోనే గూడు చేసుకుంటాయి. గులకరాళ్లు వేసిన నీళ్ల పళ్లేలూ పెడతాం. వాటిలో నీళ్లు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు చేరతాయి. ఈ పనికి వంతులు వేసుకోవడానికి పేర్లు కావాలి.

మేడమీద బీర వేసినవాళ్లు పిందెలు రాలిపోతున్నాయంటున్నారు. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ వేళకు తేనెటీగలు రాకపోతే మగపువ్వు కోసి, పిందె ఉన్న ఆడపువ్వుకు మెల్లగా రాయండి.

తులసి, తంగేడు నారు పార్కులో ఉంది. కావలసినవాళ్లు ఆదివారం పొద్దున కుండీ తెచ్చుకుని తీసుకెళ్లండి.

ఇట్లు,
తోట కమిటీ