తలుపు వేసుకొని చేసే ప్రార్థన

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం మందిరానికి వెళ్లి రావడంతోనే ఆరాధన ముగిసిందనుకొనే ధోరణి మన క్రైస్తవ కుటుంబాల్లో కనిపిస్తున్నందుకు బాధతో రాస్తున్నాను. గదిలోకి వెళ్లి, తలుపు వేసుకొని, రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చేయమని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసుప్రభువు బోధించారు. ఆయన కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి నిర్జన ప్రదేశానికి వెళ్లి ప్రార్థించారని మార్కు సువార్త 1వ అధ్యాయం చెబుతోంది. మా అమ్మమ్మ తెల్లవారుజామునే లేచి, చాప మీద మోకరించి, దావీదు కీర్తన ఒకటి మెల్లగా చదువుకొని, ఊళ్లో జబ్బుపడినవారిని, వారు ఏ మతస్థులైనా సరే, పేరుపేరునా తలచుకొని ప్రార్థించేది. ఆదివారం ఆమె పాటలో వినిపించిన ఆర్తి ఆ చాప మీద పుట్టిందేనని నా నమ్మకం. రోజూ పది నిమిషాలు మౌనంగా వాక్యం ధ్యానించడం పిల్లలకు నేర్పవలసిందిగా సంఘ కాపరులను, తల్లిదండ్రులను వేడుకొంటున్నాను.

— ఒక పాఠకురాలు, గుంటూరు