ఉచితంగా ఉన్న వైద్య ఆధారాలకు దారి చూపించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను వైద్య గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు, వైద్య విద్యార్థులు తెచ్చే సందేహాలకు పరిశోధనల్లో జవాబు వెతికి ఇవ్వడం నా ఉద్యోగం. ఒక చికిత్స పనిచేస్తుందా లేదా అన్నది అలవాటును బట్టో, పెద్దల మాటను బట్టో కాక, సరిగ్గా జరిపిన పరీక్షల ఫలితాలను బట్టి తేల్చుకోవాలన్నదే ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ పద్ధతి. ఆ ఫలితాల్లో చాలా భాగాన్ని ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. అయినా, వాటి అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్న చిన్న ఆసుపత్రుల సిబ్బందిలో చాలామందికి అవి ఎక్కడ ఉన్నాయో తెలియదు. చెప్పే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. ఆ బాధ్యతను మీ శాఖ తీసుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఒక మందు గురించి అనుమానం వచ్చినప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. ఫోన్‌లో మందు పేరు కొట్టగానే ప్రకటనలు, మందులమ్మే సైట్లు, ఎవరు రాశారో తెలియని వ్యాసాలు ముందు వరుసలోకి వస్తాయి. వెతగ్గా వెతగ్గా ఒక జర్నల్ వ్యాసం దొరికితే, సారాంశం మాత్రం చూపించి మిగతాదానికి డబ్బు కట్టమంటుంది. ఆ సారాంశంతో సరిపెట్టుకుని వైద్యం చేయడం ప్రమాదకరం, ఎందుకంటే పరీక్షలో పాల్గొన్న రోగులు ఎలాంటివారు, ఎంతమంది మధ్యలో మానేశారు, దుష్ఫలితాలను ఎలా లెక్కించారు అన్న సంగతులు పూర్తిగా తెలిసేది అసలు వ్యాసంలోనే. ఇక చాట్‌బాట్‌ను అడిగితే, అసలు లేని వ్యాసాలను కూడా ఉన్నట్టుగా చూపించవచ్చు. మూలాన్ని తెరిచి చూడకుండా అలాంటి జవాబును రోగి విషయంలో నమ్మకూడదు.

అదే ప్రశ్నకు వేరే దారి ఉంది. అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే పబ్‌మెడ్‌లో 3.5 కోట్లకు పైగా ప్రచురణల వివరాలు ఉన్నాయి. అది సూచిక మాత్రమే; అయితే పూర్తి పాఠం ఉచితంగా దొరికే వ్యాసాలనే చూపించమని పక్కన ఉన్న గడిలో గుర్తు పెడితే డబ్బు అడిగేవన్నీ తొలగిపోతాయి. ఏళ్ల తరబడి పబ్‌మెడ్ వాడుతున్నవారు కూడా ఈ గడిని గమనించకపోవడం నేను తరచుగా చూస్తుంటాను. 2000లో మొదలైన పబ్‌మెడ్ సెంట్రల్‌లోనైతే పూర్తి వ్యాసాలే ఉంటాయి. కానీ ఒక్క వ్యాసం ఎంత బాగున్నా సరిపోదు. ఒకే ప్రశ్న మీద జరిగిన పరీక్షలన్నింటినీ వెతికి, వాటి నాణ్యతను తూచి, కలిపి చెప్పే సిస్టమాటిక్ రివ్యూలు కావాలి. 1993లో ఏర్పడిన కోక్రేన్ సంస్థ చేస్తున్న పని అదే. దాని సమీక్షల సారాంశాలు, సామాన్యులకు అర్థమయ్యేలా రాసిన సంక్షిప్త పాఠాలు మొదటి రోజు నుంచే ఉచితం. పూర్తి సమీక్షలు వెలువడిన 12 నెలలకు అందరికీ తెరుచుకుంటాయి. ఎపిస్టెమోనికోస్ అనే వెబ్‌సైట్‌లో ఇలాంటి సమీక్షలను ఒక్కచోట వెతకవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసులు, బ్రిటన్‌లోని నైస్ సంస్థ చికిత్స మార్గదర్శకాలు కూడా ఉచితమే.

పాలిచ్చే తల్లికి మందు రాయాల్సి వచ్చిన సందర్భాన్ని తీసుకోండి. మందు పెట్టెలోని కాగితం చాలాసార్లు వాడకపోవడమే మంచిదని చెప్పి ఊరుకుంటుంది. దాన్ని చూసి తల్లి మందు మానేస్తుంది, లేదా బిడ్డకు పాలు మానిపిస్తుంది; రెండింటివల్లా నష్టమే. నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ సైట్‌లో దొరికే లాక్ట్‌మెడ్‌లో ఆ మందు పాలలోకి ఎంత చేరుతుందో, బిడ్డ మీద ఏ ప్రభావాలు కనిపించాయో, బదులుగా ఏ మందులు వాడవచ్చో ఆధారాలతో సహా ఉంటుంది. చదవడానికి కొద్ది నిమిషాలు చాలు. అది ఉన్నదని తెలియకపోవడం వల్ల ఒక తల్లి పాలివ్వడం ఆపేయాల్సి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆధారాలు కాలంతోపాటు మారతాయి కనుక ఒకసారి నేర్చుకున్నది చాలదు. నెలలు నిండకుండా కాన్పు అయ్యేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డకు శ్వాస ఇబ్బంది తగ్గుతుందని లిగిన్స్, హోవీ అనే వైద్యులు న్యూజిలాండ్‌లో జరిపిన పరీక్ష 1972లోనే చూపింది. తరువాత మరిన్ని పరీక్షలు జరిగినా వాటిని కలిపి చూసిన సమీక్ష 1989 దాకా రాలేదు. అప్పటివరకు ఆ చికిత్స ఎంత మేలు చేస్తుందో చాలామంది ప్రసూతి వైద్యులు గుర్తించలేదు. కథ అక్కడితో ముగిసిపోలేదు. వసతులు తక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ ఇంజెక్షన్ వాడకాన్ని పెంచి చూసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. అందులో మొత్తం మీద నవజాత శిశు మరణాలు తగ్గకపోగా పెరిగాయి. ఆ తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో, తగిన సంరక్షణ అందించగల ఆసుపత్రుల్లో జరిపించిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఆ రకం స్టెరాయిడే అయిన డెక్సామెథసోన్ పొందిన తల్లులకు పుట్టిన బిడ్డల్లో మరణాలు 19.6 శాతం, పొందనివారి బిడ్డల్లో 23.5 శాతం. గర్భం వయసు కచ్చితంగా తెలియాలని, తల్లికి ఇన్ఫెక్షన్ లక్షణాలు ఉండకూడదని, పుట్టిన బిడ్డకు తగిన సంరక్షణ అందే ఏర్పాటు ఉండాలని ఆ సంస్థ 2022 సిఫారసులు షరతులు పెట్టాయి. 1989 నాటి సమీక్ష దగ్గరే ఆగిన డాక్టరు ఈ ఇంజెక్షన్‌ను ఎక్కడైనా ఇస్తారు, 2015 ఫలితం ఒక్కటే విన్న డాక్టరు భయపడి మానేస్తారు. ఎవరికి, ఎక్కడ, ఏ ఏర్పాట్లతో ఇవ్వాలో తెలిసేది 2022 పత్రం చదివినవారికే. ఆ పత్రం ఉచితంగానే ఉంది.

డబ్బు గోడ వెనుక ఉండిపోయిన పరిశోధన సంగతి కూడా చెప్పాలి. లైబీరియాలో కొందరి రక్తంలో ఎబోలాకు సంబంధించిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కనిపించాయని, ఆ దేశాన్ని కూడా ఆ వ్యాధి ఉండే ప్రాంతంగా లెక్కించాలని 1982లో ఒక జర్నల్ వ్యాసం చెప్పింది. 2014లో ఎబోలా ఆ దేశాన్ని కుదిపేసింది. ఆ వ్యాసం గురించి తమకు తెలియదని, దాన్ని రాసినవారిలో తమ దేశస్థులు లేరని, డబ్బు కడితే తప్ప పూర్తిగా చదివే వీలు లేదని అక్కడి ఆరోగ్య అధికారులే 2015లో బహిరంగంగా రాశారు. ప్రజాధనంతో జరిగే ప్రతి వైద్య పరిశోధన వెలువడిన రోజునే అందరికీ ఉచితంగా అందాలని, నిధులు ఇచ్చేటప్పుడే మీ శాఖ షరతు పెట్టాలి.

ఉచిత ఆధారాలకు దారి చూపడం కోసం కోట్లు పోసి కొత్త పోర్టల్ కట్టమని అడగడం లేదు. అలా కట్టినవి ప్రారంభోత్సవం తరువాత దిక్కులేకుండా పడి ఉండటం అందరం చూశాం. నేను కోరేది ఒక్క పేజీ. ఏ ప్రశ్నకు ఏ వనరు పనికొస్తుంది, అందులో ఎంతవరకు ఉచితం, చివరిసారి ఎప్పుడు సరిచూశారు అన్న సంగతులు ప్రజల భాషలో, నెట్ సరిగ్గా రాని చోట కూడా ఫోన్‌లో తెరుచుకునేలా ఉండాలి. ఉచితంగా దొరికిందల్లా మంచిది కాదు కనుక, డబ్బు తీసుకుని పరిశీలన లేకుండా అచ్చువేసే జర్నళ్లను గుర్తుపట్టడం ఎలాగో కూడా అందులో చెప్పాలి. దాన్ని చూసుకోవడానికి గ్రంథాలయాధికారులను నియమించి, సిబ్బంది పంపిన ప్రశ్నలకు మూలాలతో సహా జవాబు రాసే పని కూడా వారికే అప్పగించాలి. పేజీ ఒక్కటీ ఉంటే చాలదు, మనిషి ఉండాలి. నా అనుభవంలో, వెతకడం రానివారికి పట్టిక ఇవ్వడం కన్నా వారి ప్రశ్నతోనే పక్కన కూర్చుని వెతికి చూపించడం ఎక్కువ ఉపయోగపడింది. అందుకే వైద్య, నర్సింగ్, ఫార్మసీ కోర్సుల్లో ఇలా వెతకడాన్ని నేర్పి పరీక్ష కూడా పెట్టాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రచురణకర్తలు కలిసి 2002లో మొదలుపెట్టిన హినారీ పథకం ద్వారా ఆదాయం తక్కువగా ఉన్న దేశాల సంస్థలకు జర్నళ్లు ఉచితంగా గానీ తక్కువ రుసుముతో గానీ అందుతాయి. అయితే సంస్థ పేరున నమోదు చేసుకోవాలి. డాక్టరు సొంతంగా చేరడానికి వీలుండదు. మన ఆసుపత్రులకు అర్హత ఉందో లేదో, ఉంటే నమోదయ్యాయో లేదో మీ శాఖే తనిఖీ చేయించాలి. శాఖ స్వయంగా జారీ చేసే చికిత్స మార్గదర్శకాల్లో ప్రతి సూచన పక్కన దాని ఆధారం, సరిచూసిన తేదీ అచ్చువేయించాలి. ఈ చివరి పనికి మీ సంతకం ఒక్కటి చాలు కనుక దానితోనే మొదలుపెట్టమని, మిగిలినవాటిని చూసే అధికారి పేరును బహిరంగంగా ప్రకటించమని వేడుకుంటున్నాను.

భవదీయురాలు,
ఒక వైద్య గ్రంథాలయాధికారిణి