మావా, ఆ రెండో ఖాతా తెరవకు

ఒరేయ్ మావా,

నీ మెసేజ్ చూసిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. ఆన్‌లైన్ షాపుల కూలర్లు చూపించి కమీషన్ తీసుకునే నీ పేజీకి ప్రకటనలు వేసే యాడ్స్ ఖాతా ఆపేశారు, సరే. బావమరిది పేరు మీద ఇంకోటి తెరిచి అవే ప్రకటనలు మళ్ళీ వేస్తానంటున్నావు చూడు, అదీ నా భయం. ఫోన్లో అయితే మధ్యలో అడ్డొస్తావని రాస్తున్నా. చివరిదాకా చదువు.

అందరూ వాడే గూగుల్ రూల్సే తీసుకుందాం. అఫిలియేట్ వ్యాపారం తప్పని అందులో ఎక్కడా లేదు. ఒకరి సరుకు ఇంకొకరికి చూపించి కమీషన్ తీసుకోవడం మీ మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్లు చేసే పనే కదా. గూగుల్ వాళ్ళకి పడనిదల్లా ఖాళీ పేజీ. ప్రకటన నొక్కి వచ్చిన మనిషికి చదవడానికేమీ ఉండదు, ఒక బటన్ ఉంటుంది, నొక్కితే అసలు షాపు. బ్రిడ్జ్ పేజీ అంటారే, అది.

దీనికి పాత కథ ఉంది. మొదట్లో అఫిలియేట్లు నేరుగా షాపు లింకుకే ప్రకటనలు వేసేవాళ్ళు. ఏం వెతికినా ఒకే షాపుకి పోయే ప్రకటనలు వరసగా కనపడేవి. 2005 జనవరిలో గూగుల్ ఒక వెతుకులాటకి ఒక వెబ్ అడ్రసుతో ఒక్క ప్రకటనే అంది. దాంతో సొంత అడ్రసు కోసం చాలామంది ఈ ఖాళీ పేజీలు పెట్టారు. 2009 చివర్లో ప్రకటనలు తీసేయడంతో ఆగకుండా ఖాతాలనే పెద్దఎత్తున మూసేశారు. 2024 ఒక్క ఏడాదిలో 3 కోట్ల 92 లక్షల ఖాతాలు ఆపామని గూగులే చెప్పింది. అందులో దొంగ ప్రకటనల ముఠాలూ ఉన్నాయి. నువ్వు వాళ్ళలాంటోడివి కాదని నాకు తెలుసు. కానీ ఖాతాలు ఆపే ఆ మెషీన్‌కి తెలియాలిగా!

కొన్ని తప్పులకి ముందు హెచ్చరిక ఇస్తారు, తర్వాత మూడు రోజులు, ఏడు రోజులు ఆపుతారు, మూడో స్ట్రైక్‌కి, అంటే తప్పు కింద లెక్కేసే మూడో మార్కుకి, ఖాతా పోతుంది. కానీ ఒక ఖాతా ఆపాక ఇంకో పేరుతో రావడం ఆ లెక్కలోది కాదు. దాన్ని వాళ్ళ వ్యవస్థని తప్పించుకోవడం కింద కడతారు. హెచ్చరిక ఉండదు, సంబంధం ఉన్న ఖాతాలన్నీ పోతాయి. పట్నం బజార్లో మీ బావమరిది బట్టల కొట్టు నడుపుతున్నాడు. రేపు పండక్కి ఆయన తన కొట్టుకి ప్రకటన వేసుకోవాలంటే? నీ ఇబ్బంది ఆయన నెత్తిన పెట్టకురా. ఆ పని నాకస్సలు నచ్చలేదు.

ఇంకోటి. షాపుల రూల్స్ కూడా చదివావా? అమెజాన్ అఫిలియేట్లని సెర్చ్ ప్రకటనల నుంచి నేరుగా తన సైటుకి పంపనివ్వదు, తన పేరుని కీవర్డ్‌గా, అంటే ప్రకటన చూపించడానికి డబ్బు కట్టే వెతుకుడు మాటగా, కొననివ్వదు. క్లిక్కులకి డబ్బు కట్టి, చివరికి కమీషన్ రాకపోతే ఏం చేస్తావు?

అందుకే నా మాట విను. ముందు పేజీ బాగుచెయ్. నువ్వు కూలర్ల గురించి గంటలు గంటలు మాట్లాడతావు! బోరు నీళ్ళలో ఉప్పుంటే ప్యాడ్‌కి తెల్లగా పొర కడుతుందనీ, ఎన్నాళ్ళకి కడగాలో, ఉక్కపోత రోజున కూలర్ ఎందుకు చల్లబరచదో, అప్పుడు కిటికీ ఎందుకు తీసిపెట్టాలో, అన్నీ నీకు తెలుసు. ఎక్కడో కూర్చుని రాసేవాడికి గుంటూరు మే నెల ఎలా తెలుస్తుంది? నువ్వు విప్పి చూసిన కూలర్ల ఫొటోలు పెట్టు. ఏది కొనొద్దో కూడా రాయి. కొంటే నీకు కమీషన్ వస్తుందని పేజీ పైనే చెప్పు, అడుగున చిన్న అక్షరాల్లో కాదు. ఇదంతా అయ్యాకే పాత ఖాతా మీద అప్పీల్ పెట్టు. ఏం మార్చావో ఉన్నదున్నట్టు రాయి. ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను. ఒప్పుకోకపోయినా, ఆ పేజీ ప్రకటన లేకుండానే సెర్చ్‌లో నిలబడొచ్చు.

ఆదివారం బెజవాడ రా. వాళ్ళు పంపిన మెయిల్ తీసిపెట్టుకో, కూలర్ ఫొటోలు ఫోన్లో ఉంచుకో. గవర్నర్‌పేటలో మా ఆఫీసు ఆ రోజు ఖాళీగానే ఉంటుంది, ఇద్దరం కూర్చుని అప్పీల్ రాద్దాం. అక్కయ్యకి నమస్కారాలు చెప్పు, భోజనం మా ఇంట్లోనే.

నీ
మావ