సుగ్గికి పోయిన కుటుంబాలకు తోడు నిలిచినవాళ్లకు మా కృతజ్ఞతలు

కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (వలస పనికి) పోయే కుటుంబాలకు ఈ ఏడు కుటుంబ నియంత్రణ సేవలు మధ్యలో తెగిపోలేదు. అలా తెగిపోకుండా చూసినవాళ్లలో సగం మందికి ఆరోగ్య శాఖతో సంబంధమే లేదు. మా ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల తరఫున పేరుపేరునా చెప్పాలని ఉంది గానీ ఈ పనిలో పేర్లు బయటపెట్టకపోవడమే మర్యాద. ఎవరు ఏం చేశారో రాస్తున్నాం, ఎవరి సంగతి వాళ్లకు అర్థమవుతుంది.

ముందుగా కూలీలను వెంట తీసుకుపోయే మేస్త్రీలకు. లారీ ఏ రోజు కదులుతుందో బాగా ముందే చెప్పారు. వినడానికి ఇంతే. కానీ గర్భం రాకుండా వేసే అంతరా సూది మూడు నెలలకొకసారి వెయ్యాలి. నవంబరులో వేయించుకున్న ఆమెకు మళ్లీ తేదీ ఫిబ్రవరిలో పడుతుంది, అప్పటికి ఆమె మిరప చేలో ఉంటుంది. తేదీకి 2 వారాల ముందు వేసినా సూది పనిచేస్తుంది, 4 వారాలు ఆలస్యమైనా పనిచేస్తుంది. అంటే ఆరు వారాల వెసులుబాటు ఉంది. లారీ తేదీ ముందే తెలిస్తే, గడువు దగ్గరపడినవాళ్లకు ఊళ్లోనే వేసి పంపొచ్చు. మిగిలినవాళ్లకు కార్డు మీద తర్వాతి తేదీ పెద్ద అంకెల్లో రాసి, ఎప్పటిదాకా ఆగొచ్చో కూడా చెప్పి పంపొచ్చు. ఆ నాలుగు వారాలూ దాటితే మాత్రం ముందు గర్భం లేదని చూసుకుని, సూది వేశాక 7 రోజులు నిరోధ్ (కండోమ్) వాడమనాలి. మేస్త్రీలను మేం కూలీల పేర్లు అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. తేదీ ఒక్కటే కావాలి, అదే ఇచ్చారు.

గుంటూరు, పల్నాడు వైపు పీహెచ్‌సీల్లో పనిచేసే అక్కాచెల్లెళ్లకు మా దండాలు. కార్డు చూపించగానే సూది వేశారు. 'మీ ఊరు పోయి వేయించుకో' అన్న మాట ఈసారి వినిపించలేదు. అంతరా ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో మొదలుపెట్టినా మరో ప్రభుత్వ ఆసుపత్రిలో కొనసాగించొచ్చు, దానికి ఆధార్ చిరునామాతో పనిలేదు. కోత కూలీకి ఒక పూట పని పోతే కూలి పోతుంది కాబట్టి, చీకటి పడకముందు వచ్చినవాళ్లకు కూడా గది తెరిచి ఉంచారు. అదీ మాకు తెలుసు.

సూది గురించి కొత్తగా చేరిన ఆశా అక్కల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. సీసాలో మందు అడుక్కి చేరి ఉంటుంది. అడుగున తెల్లగా ఏమీ మిగలకుండా కలిసేదాకా మెల్లగా ఊపాలి. సరిగ్గా కలపకుండా లాగితే సిరంజిలోకి నీళ్లు వస్తాయి, 150 మిల్లీగ్రాముల మందు సీసాలోనే ఉండిపోతుంది. చేతికో పిరుదుకో కండలోకి దించాక అక్కడ రుద్దకూడదు. వేడి కాపడం అసలే వద్దు. రుద్దితే మందు తొందరగా ఒంట్లోకి దిగి, మూడు నెలలు రావాల్సింది ముందే అయిపోతుంది. మన ఇళ్లల్లో సూది అనగానే అత్త వేడి నీళ్ల గుడ్డ తెచ్చి పెడుతుంది. ప్రేమతోనే పెడుతుంది. అందుకే ఈ మాట సూది వేయించుకున్న పిల్లకే కాదు, పక్కన కూర్చున్న పెద్దామెకూ చెప్పాలి.

ఆ అత్తలకే మేం ఎక్కువ రుణపడ్డాం. అంతరా మధ్యలో మానేయడానికి అసలు కారణం నొప్పి కాదు, నెలసరి మారడం. మొదటి నెలల్లో అక్కడక్కడా ఎరుపు కనిపిస్తుంది, కొందరికి ఎక్కువ రోజులు అవుతుంది, ఏడాది తిరిగేసరికి చాలామందికి నెలసరి ఆగిపోతుంది. 'చెడు రక్తం కడుపులో గడ్డ కడుతోంది' అని ఎవరో ఒకరు అంటారు, అంతటితో సూది ఆగిపోతుంది. గర్భసంచి లోపలి పొర పలచబడటం వల్ల బయటికి రావడానికి ఏమీ ఉండదు, లోపల ఏదీ పేరుకోదు. ఈ మాట మేం చెబితే ఒకలా, తన కోడలికి సూది వేయించిన పెద్దామె రచ్చబండ దగ్గర చెబితే ఒకలా వింటారు. ఆమె చెప్పింది. ఎరుపు ఆగకుండా కనిపిస్తే డాక్టరు రాసే మాత్రలతో తగ్గుతుందని, మందుల షాపులో ఏదో ఒకటి కొని మింగొద్దని కూడా ఆమే చెప్పింది. ఇంకో సంగతి మాత్రం మేమే ముందు చెప్పి ఉంచాలి. సూది మానగానే గర్భం రాదు. చివరి సూది నుంచి 7 నుంచి 10 నెలలు పట్టడం మామూలే. వచ్చే ఏడు బిడ్డ కావాలనుకునే ఆమెకు ఈ సంగతి చెప్పకుండా సూది వేయడం అన్యాయం. అలాంటి ఆమెకు వారం లెక్కన వేసుకునే ఛాయ మాత్రలో, రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రల అట్టో సరిపోతుంది.

సుగ్గికి పోయేవాళ్లలో ఛాయ అడిగేవాళ్లు పెరిగారు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒక్కటి. ఆదివారం మొదలుపెడితే రెండోది బుధవారం, నాలుగో నెల నుంచి ఆదివారం మాత్రమే. గుడారంలో క్యాలెండర్ ఉండదు కదా అని ఒక స్వయం సహాయక సంఘం లీడరక్క సంత రోజుకు ముడిపెట్టి గుర్తు చెప్పింది. ఆ ఉపాయం మా శిక్షణలో లేదు. మాత్ర ఒకటి రెండు రోజులు మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని పాత లెక్కలోనే పోవాలి, మళ్లీ నెలసరి వచ్చేదాకా నిరోధ్ వాడాలి. వారం దాటి మరిస్తే మళ్లీ మొదటి నుంచి, వారానికి రెండు చొప్పున.

టీబీ విభాగం సూపర్‌వైజర్ అన్నకు ప్రత్యేకంగా ధన్యవాదాలు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటుంది. అది ఒంట్లో ఉన్నప్పుడు మాలా-ఎన్ బలం తగ్గిపోతుంది. రోజూ క్రమం తప్పకుండా వేసుకుంటున్నా గర్భం వచ్చిందంటే 'మాత్ర పనిచేయదు' అని ఊరంతా అనుకుంటుంది, అసలు కారణం ఇంకెక్కడో ఉంటుంది. మందు మొదలుపెట్టిన ఆడవాళ్లను, వాళ్లకు చెప్పే, మా దగ్గరికి పంపాడు. వాళ్లకు అంతరా గాని కాపర్‌టి గాని ఇవ్వొచ్చు. మూర్ఛ మందుల్లో కొన్నిటికీ ఇదే ఇబ్బంది, అందుకే మాలా-ఎన్ ఇచ్చే ముందు 'ఇంకేం మందులు మింగుతున్నావమ్మా' అని అడగకుండా అట్ట చేతికివ్వొద్దు. బీపీ 140/90 ఉన్నా దాటినా, బిడ్డకు ఆరు నెలలు నిండకుండా పాలిస్తున్నా కూడా అది వద్దు.

కాన్పు గదుల్లో పనిచేసే స్టాఫ్ నర్సులు ఒక పాత అలవాటు మాన్పించారు. కాన్పయ్యాక పెట్టే కాపర్‌టి మాయ పడిన 10 నిమిషాల్లో గాని, లేదంటే 48 గంటల లోపు గాని పెట్టాలి. అది దాటితే ఆరు వారాలు ఆగాల్సిందే. గడువు ఇంత తక్కువ కాబట్టి నొప్పుల మధ్యలో 'పెట్టమంటావా' అని అడిగి తల ఊపించుకోవడం అక్కడక్కడా ఉండేది. నొప్పులు పడే మనిషి దేనికైనా తల ఊపుతుంది, దాన్ని ఒప్పుకోలు అనలేం. ఇప్పుడు ఏడో నెల, ఎనిమిదో నెల పరీక్షలప్పుడే అడిగి కార్డులో రాస్తున్నారు. పెట్టాక ఏ రకం పెట్టారో డిశ్చార్జి కాగితంలో ఉంటోంది. 380ఏ అయితే 10 ఏళ్లు, 375 అయితే 5 ఏళ్లు. తనకు పెట్టిన సంగతే తెలియని ఒక్క మనిషి పదిమందిని ఆసుపత్రి గేటు నుంచే వెనక్కి తిప్పుతుంది. కాన్పప్పుడు పెట్టింది జారిపడే అవకాశం కాస్త ఎక్కువ. అందుకే ఆరు వారాలకు ఒకసారి వచ్చి చూపించుకోమని చెప్పడం మరవొద్దు.

ఆపరేషన్ల సంగతికొస్తే, మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఇప్పటికీ ఆడవాళ్ల ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూసినా పెళ్లయిన ఆడవాళ్లలో సగానికి పైగా అదే చేయించుకున్నారు. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో జరిగిన ఆపరేషన్ల శిబిరం తర్వాత నలుగురు తల్లులు చనిపోయినప్పటి నుంచి ల్యాప్రోస్కోపీ (సన్న గొట్టం కెమెరాతో చేసే ఆపరేషన్) అంటే భయం పెరిగింది, ఆ భయాన్ని తప్పుపట్టలేం. మాకు సాయం వచ్చిన సర్జన్ డాక్టరమ్మ, ఆమె బృందం ఆ భయానికి మాటలతో కాదు, పద్ధతితో జవాబిచ్చారు. ఒక ల్యాప్రోస్కోప్‌తో రోజుకు పదికి మించి చేయకూడదు. మూడు ఉన్నా ఒక బృందం ముప్పై దాటకూడదు. ఎందుకంటే ఒక మనిషికి వాడిన స్కోప్‌ను కడిగి, క్రిములను చంపే గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు ముంచి, స్టెరైల్ నీళ్లతో మళ్లీ కడిగాకే ఇంకొకరికి వాడాలి. వరుస పొడుగయ్యేకొద్దీ కోత పడేది ఆ 20 నిమిషాలకే. ఆమె టేబుల్ మీద గడియారం పెట్టించింది. పేర్లు ఎక్కువైనప్పుడు మిగిలినవాళ్లకు వేరే తేదీ ఇచ్చింది. మంచాలు ముందే వేయించింది, నేల మీద ఎవరినీ పడుకోబెట్టలేదు. 'భర్త సంతకం లేదు' అని ఎవరినీ వెనక్కి పంపలేదు. ఆ సంతకం నిబంధనల్లోనే లేదు, అది అడిగే అలవాటు ఇంకా చాలాచోట్ల పోలేదు. ఆపరేషన్ అయినవాళ్లకు ఒక మాట: ఎన్నాళ్ల తర్వాతైనా సరే, నెల తప్పితే వెంటనే చూపించుకోండి. గర్భం ట్యూబులో నిలిస్తే ప్రాణానికే ముప్పు.

ముందుకొచ్చి కోత లేని వ్యాసెక్టమీ (మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకుని, ఆ సంగతి నలుగురిలో చెప్పిన అన్నలకు చప్పట్లు కొట్టాలి. 'బలం పోతుందా' అన్న ప్రశ్నకు డాక్టరు ఎంత చెప్పినా, మళ్లీ మూటలు మోస్తున్న మనిషి చెబితేనే నమ్ముతారు. చిన్న రంధ్రం, కుట్టు ఉండదు, మత్తు ఆ చోటికే ఇస్తారు, అదే రోజు ఇంటికి పోవచ్చు. రెండు రోజులు విశ్రాంతి, వారం దాకా బరువులు, సైకిలు వద్దు. ఇక్కడ ఎక్కువమంది పొరబడేది ఒకటే. ఆపరేషన్ అయిన రోజు నుంచే పనిచేస్తుందనుకుంటారు. గొట్టంలో మిగిలిన వీర్యకణాలు పోవడానికి 3 నెలలు పడుతుంది. అప్పటిదాకా నిరోధ్ వాడి, ఆ తర్వాత వీర్యపరీక్ష చేయించి, కణాలు లేవని కాగితం చేతికొచ్చాకే మానాలి. ఈ పరీక్షకు రాకపోవడం వల్ల వచ్చిన గర్భాలకు భార్యలు మాటలు పడ్డారు. దీన్ని ఆ అన్నలే మీటింగులో లేవనెత్తారు.

బస్టాండు దగ్గర సెలూన్ తమ్ముడికి కృతజ్ఞతలు. నిరోధ్ పెట్టె అతని షాపులో పెట్టాక, ఆశా అక్కను అడగడానికి సిగ్గుపడే కుర్రాళ్లు కూడా తీసుకుపోతున్నారు. పెట్టెను రేకుల కింద అటక మీది నుంచి దించి కింద అరలో పెట్టింది అతనే. మన కర్నూలు ఎండకు రేకుల కింద రబ్బరు పాడవుతుంది. జేబులో పర్సులో నెలల తరబడి దాచినదీ అంతే. పక్కనే కొబ్బరినూనె సీసాలు ఉంటాయి కాబట్టి 'దీనికి నూనె రాయకూడదు' అని అద్దం మీద కాగితం అంటించాడు. నూనె తగిలితే నిరోధ్ చిరుగుతుంది. చిరిగినా, జారినా 72 గంటల లోపు అత్యవసర మాత్ర వేసుకోవాలని, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదని ఆ కాగితంలో కింద గీత కొట్టి రాశాడు.

సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్ కౌన్సిలర్ మేడమ్ తెల్లబట్ట గురించి ఒక చిక్కు విప్పింది. తెల్లబట్ట అవుతోందని వచ్చిన ప్రతి ఆమెకూ ఒకే కిట్టు ఇచ్చేయడం తప్పు. దురద, పెరుగులా ఉండటం ఒక లెక్క. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే అది వేరే లెక్క, అప్పుడు డాక్టరు చూసి తీరాలి. ఇన్ఫెక్షన్ తగ్గకుండా కాపర్‌టి పెట్టకూడదు. సుఖవ్యాధి అని తేలితే భర్తకూ మందు పడాలి, లేకపోతే నెల తిరక్కముందే ఆమె మళ్లీ వస్తుంది. భర్తలను 'రక్తపరీక్ష ఉంది' అని పిలిపించి, విడిగా కూర్చోబెట్టి మాట్లాడిన తీరు మాకందరికీ పాఠం. హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల మీద సందేహాలకు 1097కు ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు.

అంగన్‌వాడీ టీచర్లు ఇచ్చింది ఒక గది, ఒక గడియ, ఒక చీర. తలుపుకు గడియ, కిటికీకి అడ్డంగా చీర. అవి లేని రోజుల్లో ఆడవాళ్లు 'బీపీ చూపించుకోవడానికి వచ్చాం' అని చెప్పి వెళ్లిపోయేవాళ్లు.

ఉగాదికి ఊళ్లకు తిరిగి వచ్చేవాళ్లు అంతరా కార్డు, కాపర్‌టి కాగితం, ఛాయ అట్టలు ఏమున్నా వెంట తెచ్చుకోండి. కార్డు పోయిందని ఆగిపోవద్దు, ఏ ఊళ్లో వేయించుకున్నారో, సుమారుగా ఏ నెలలోనో చెబితే చాలు, గడువు లెక్క మేం చూసుకుంటాం. వ్యాసెక్టమీ అయి మూడు నెలలు నిండిన అన్నలు ల్యాబ్‌కు పొద్దున్నే రండి, ఆ పూట మీ వరకు లైను వేరుగా పెడతామని ల్యాబ్ టెక్నీషియన్ మాటిచ్చాడు.