నీ కుంట మళ్ళీ పచ్చబడింది

బుజ్జీ,

పెరట్లో నీ కుంట మళ్ళీ పచ్చబడింది, అది చెబుదామనే రాస్తున్నా. మూడు ఆదివారాలుగా నీ ఫోన్ లేదు, సరే, పని ఉంటుంది. నిన్న సుజాతత్త వచ్చి "బుజ్జి ఉద్యోగం మానేసిందటగా" అంది. నేనేమీ అనలేదు, టీ పెట్టిచ్చాను.

ఈ ఎండలకి తోడు మీ నాన్న చేపలకి రోజుకి మూడుసార్లు మేత వేస్తున్నారు. మిగిలిన మేత, చేపల మురికి కలిసి నాచుకి ఎరువవుతుంది. రెండు మూడు నిమిషాల్లో తినేసేంత, రోజుకి ఒక్కసారి చాలంటే వినరు. నువ్వు వేళకి తింటున్నావా?

కలువాకులు సగానికి పైగా పరుచుకుంటే నీళ్ళలోకి ఎండ దిగదు, అందుకని ఇంకో కలువ కుండీ దించాను. నాన్న గుర్రపు డెక్క తెస్తానన్నారు. అది మురికిని పీల్చే మాట నిజమే కానీ వద్దన్నాను, మన ఊరి చెరువుల్ని అదెలా కమ్మేసిందో చూస్తూనే ఉన్నాంగా.

నీ ఇంటర్ రెండో ఏడాది గుర్తుందా? పచ్చ నీళ్ళు చూడలేక మొత్తం తోడించి, గోడలు తెల్లబడేదాకా బ్రష్‌తో రుద్ది, ఫిల్టర్ స్పాంజిని కూడా కుళాయి కింద పిండి, కుళాయిలో వచ్చే మంజీరా నీళ్ళు నేరుగా నింపేశాను. అద్దంలా ఉందని మురిసిపోయాను. తెల్లారేసరికి ఆరు గోల్డ్‌ఫిష్‌లూ తేలాయి. నువ్వు కాలేజీ మానేసి జామచెట్టు కింద గొయ్యి తీశావు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కుళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్ చేపల మొప్పల్ని దెబ్బతీస్తుందని, చేపల మురికిలోంచి వచ్చే అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా ఆ గోడల జిగురులో, స్పాంజిలోనే ఉంటుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు డ్రమ్ములో రెండు రోజులు నిలవుంచిన నీళ్ళే పోస్తున్నా, అదీ ఐదో వంతుకి మించి మార్చను. స్పాంజి కుంట నీళ్ళలోనే జాడిస్తాను.

నువ్వు మానేసినా కోప్పడను బుజ్జీ. కానీ చేతిలో ఆరు నెలల ఖర్చుందా, అద్దె సంగతేంటి, ఇన్సూరెన్స్ కంపెనీదే అయితే అది కూడా పోతుంది కదా, ఇవన్నీ చూసుకున్నావా? ఇంకో చోట ఖాయమయ్యాకే కదా ఇది వదలాలి. చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నా.

రాత్రిళ్ళు నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అందుకే ఐదింటికే లేచి మోటారు వేసి నీళ్ళు చిమ్మిస్తున్నా. ఫోన్ గట్టు మీదే పెట్టుకుంటాను, ఆ వేళప్పుడు చేసినా పరవాలేదు, నాన్న లేచి ఉండరు.

అమ్మ