మా అత్తగారి ఊరికి టొలీడో వచ్చింది

విజయవాడ,
ఆదివారం రాత్రి.

ప్రియమైన సుబ్బూకు,

సంక్రాంతికి మొదలుపెట్టిన ఉత్తరం రెండు పేజీలు నిండాక ఎక్కడో పోయింది. ఉగాదికి మొదలుపెట్టిన దాని వెనక మా ఆవిడ పాలవాడి లెక్క రాసుకుంది. కాబట్టి ఈ ఆలస్యంలో సగం నేరం నాది, సగం పాలవాడిది. ఇంట్లో అందరూ కులాసా. అమ్మాయి ఉద్యోగంలో చేరింది, నా షుగరు నా మాట వినడం లేదు, సింగ్‌నగర్ ఇంటి గోడ మీద 2024 సెప్టెంబరు నాటి బుడమేరు గీత రెండుసార్లు సున్నం వేయించినా మళ్ళీ పైకి తేలుతూనే ఉంది. ఇంటి వార్తలు ఇంతటితో సరి.

అసలు నేను నీకు ఒక క్షమాపణ బాకీ ఉన్నాను, అది పదేళ్ళు దాటిన పాత బాకీ. 2014 ఆగస్టులో అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న మీ టొలీడోలో, సరస్సు నాచు విషం నీళ్ళలో చేరిందని నాలుగు లక్షల మందికి పైగా జనాన్ని కుళాయి నీళ్ళు తాగవద్దన్నారనీ, కొట్లలో సీసా నీళ్ళు కూడా దొరకడం లేదనీ నువ్వు ఫోనులో ఆందోళనపడుతుంటే, నాచుకు భయపడే మగాడివి నువ్వొక్కడివేననీ, కాచుకుని తాగమనీ నేను పగలబడి నవ్వాను. కాస్తే ఆ విషం పోదనీ, నీరు ఆవిరైన కొద్దీ మిగిలినది ఇంకా చిక్కబడుతుందనీ నువ్వు చెప్పబోతే, అమెరికా వెళ్ళినా నీ పాత పిరికి బుద్ధి పోలేదన్నాను. నవ్వినందుకు మన్నించు. పిరికి మాట మాత్రం వెనక్కు తీసుకోను.

సంగతేమిటంటే, మే నెలలో తెనాలి దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్ళాను. ఆ ఊరచెరువు నీకు గుర్తుండే ఉంటుంది, నా పెళ్ళికి వచ్చి నువ్వు ఎడమకాలి చెప్పు సమర్పించుకున్న చెరువే. కాలువలు కట్టేసి నెల దాటింది, నీరు సగానికి దిగింది, ఎండ నిప్పులు చెరుగుతోంది. తెల్లవారుజామున నాలుగున్నరకు బయట కేకలు వినిపించి వెళ్ళి చూస్తే, చేపలన్నీ నోళ్ళు పైకెత్తి గాలి కోసం తన్నుకుంటున్నాయి. తెల్లవారేసరికి గట్టు పొడవునా తెల్లటి పొట్టలు తేలాయి. నీటి మీద ఎవరో ఆకుపచ్చ పెయింటు డబ్బాలు బోర్లించినట్టు చిక్కటి తెట్టు, దాని నుంచి కుళ్ళిన గడ్డి వాసన.

చెరువును పాటకు తీసుకున్న ఆసామి గుండెలు బాదుకుంటూ, రాత్రికి రాత్రి ఎవరో మందు కలిపారన్నాడు. ఎవరో అన్నాడే గాని, చూపు మాత్రం కిందటిసారి పాటలో ఓడిపోయిన మా బావమరిది మీదే నిలిచింది. ఊరంతా ఆ చూపునే అనుసరించింది. ఇంటి అల్లుడిని, కాఫీ తాగి ఊరుకుంటే సరిపోయేది. కాని ఆ తెట్టును చూడగానే నీ ఫోను గుర్తుకు వచ్చింది.

గట్టున ఉన్న కర్ర ఒకటి నీటిలో ముంచి తీశాను. పీచులాగా వేలాడితే మామూలు నాచు. కర్రకు రంగు పూసినట్టు అంటుకుంటే అది నాచే కాదు, నాచు వేషం వేసుకున్న బాక్టీరియా అయి ఉంటుంది. కర్ర అంతా రంగే. నిర్ధారణకు ఒక గాజుసీసాలో ఆ నీళ్ళు పట్టి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను. వాటి ఒంట్లో గాలితిత్తులుంటాయి కనుక కదలకుండా ఉంచితే పైకి తేలతాయి. అక్కడే నా తెలివి తక్కువతనం బయటపడింది: సీసా మీద ఏమీ రాయలేదు. మధ్యాహ్నం పొలం నుంచి వచ్చిన బావమరిది దాన్ని పుదీనా షర్బత్ అనుకుని మూత తీసి పైకెత్తాడు. నేను వేసిన కేకకు అత్తగారి చేతిలోని పప్పుగిన్నె నేల పాలైంది. ఏ మనిషి మీద విషం కలిపాడన్న నింద పడిందో ఆ మనిషే ఆ నీళ్ళు తాగబోవడం కంటే సాక్ష్యం ఏం కావాలి చెప్పు!

సాయంత్రం రావిచెట్టు కింద ఆ సీసాను నిలబెట్టాను. పాల మీద మీగడ కట్టినట్టు పైన అంగుళం మందాన ఆకుపచ్చ, కింద దాదాపు తేటనీరు. చెరువులో ఏమేమి వేశావని పాటదారుడిని అడిగితే ఆయన నిజాయితీగానే చెప్పాడు: కోళ్ళపెంట, భాస్వరం ఉండే సూపరు, డీఏపీ ఎరువులు. నీళ్ళు పచ్చబడితేనే బొచ్చె, రాగండి బలుస్తాయి, అది చేపల పెంపకంలో అందరూ చేసే పనే. కాని చుట్టుపక్కల పొలాల ఎరువు, ఊరి మురుగు కూడా అందులోకే దిగుతున్నప్పుడు, పెట్టిన భోజనం మీద మళ్ళీ విస్తరి వేసినట్టయింది. పగలు ఆ పచ్చదనమే ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది, కొంత చచ్చి కుళ్ళేటప్పుడు ఇంకా తోడేస్తుంది. అందుకే చేపలకు తెల్లవారుజామున గండం.

ఇన్ని ఎరువుల్లో దోషి ఏదని ఒక పెద్దాయన అడిగారు. కెనడాలో 1973లో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం 226 నంబరు సరస్సును తెరతో రెండుగా విడదీసి, ఒక వైపు కర్బనం, నత్రజని మాత్రమే, రెండో వైపు వాటితోపాటు భాస్వరం కూడా కలిపితే, భాస్వరం పడిన వైపే పచ్చబడిందని చెప్పాను. "పెళ్ళిలో తెరలాగా అన్నమాట, ఇటు పిల్ల, అటు భాస్వరం" అన్నాడు బావమరిది. ఆ ఒక్క మాటతో వాడి మీద ఊరికి ఉన్న అనుమానం సగం కరిగిపోయింది. మీ ఈరీ సరస్సు కథ కూడా చెప్పాను: 1972లో అమెరికా, కెనడా ఒప్పందం చేసుకుని మురుగులోనూ, బట్టల సబ్బుల్లోనూ భాస్వరం తగ్గించి దాన్ని బతికించుకున్నా, మౌమీ నది మోసుకొచ్చే పొలాల ఎరువుతో మళ్ళీ పచ్చబడిందని. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. అందరివీ పొలాలే కదా.

ఇంతలో ఎవరో మైలుతుత్తం బస్తాలు దింపించారు. అది చల్లితే పచ్చదనం రెండు రోజుల్లో చస్తుంది, నిజమే. కాని ఒక్కసారిగా చచ్చినప్పుడు వాటి కడుపులోని విషమంతా నీటిలోకి ఒలికిపోతుంది, కుళ్ళు మిగిలిన ఆక్సిజన్‌నూ మింగేస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలాంటి తెట్టు తాగి పశువులు చచ్చిపోయాయని జార్జి ఫ్రాన్సిస్ అనే రసాయనవేత్త 1878లోనే రాశాడని, కనీసం గేదెలనైనా దింపవద్దని బతిమాలాను. అందరూ తల ఊపారు. మూడో రోజు పొద్దున చూస్తే నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి, మిగిలిన చేపలు కూడా తేలాయి, బస్తాలు ఖాళీ. రాత్రి ఎవరు పోశారో ఊరంతటికీ తెలుసు, ఎవరూ చెప్పరు. సుబ్బూ, ఆ గట్టు మీద నిలబడి నాకు ఏడుపు వచ్చింది, అది చేపల కోసమా, లేక నా ఉపన్యాసం కోసమా అన్నది...

గేదెలకు ఇప్పుడు బోరు నీళ్ళు పెడుతున్నారు. పాటదారుడు బావమరిదికి క్షమాపణ చెప్పలేదు గాని, అరటిగెల ఒకటి పంపించాడు. నా దిగులంతా గట్టుకు అవతల ఉన్న మంచినీళ్ళ చెరువు మీద. మధ్యలో ఉన్నది ఆరడుగుల మట్టికట్ట, అందులో ఎండ్రకాయల బొరియలు. ఆ ఊరి ఫిల్టరులో ఉన్నది ఇసుక మాత్రమే. మీ టొలీడోలో నీటిలో ఏదో బొగ్గుపొడి కలిపారని నువ్వు అప్పుడు చెప్పబోతుంటే నేను నవ్వి ఫోను పెట్టేశాను చూడు, అది ఎలాంటి బొగ్గు, ఎంత నీటికి ఎంత, ఎవరు కలపాలి, ఒక పంచాయతీ తన ఖర్చుతో...

గన్నవరానికి ఆటో వచ్చి హారను కొడుతోంది. ఈ కవరు, గోంగూర డబ్బా మా మేనల్లుడి చేతికి ఇస్తున్నాను. బొగ్గు సంగతి వెంటనే రాయి.

నీ
పాచి పండితుడు