చెరువులో పచ్చటి తెట్టుకు పరీక్షలేవి?

సంపాదకుడు గారికి,

మొన్న మే నెలలో హన్మకొండ దగ్గరి మా ఊరి చెరువు కట్ట మీద నడుస్తుంటే, ఒడ్డున ఎవరో పచ్చ పెయింటు ఒలకబోసినట్టు కనిపించింది. కర్ర ముంచి లేపాను. మామూలు పాకురైతే పోగులు పోగులుగా వేలాడుతుంది. ఇది రంగులాగా కర్రకు అంటుకుంది. సీసాలో పట్టుకొచ్చి, పిల్లలకు పాఠం చెప్పిన పాత మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. జిగురు ముద్దలో కిక్కిరిసిన గుండ్రటి కణాలు, లోపలి గాలి తిత్తుల వల్ల నల్లగా. మైక్రోసిస్టిస్ అనే నీలి-ఆకుపచ్చ ఆల్గే! ఆ గాలితోనే అది పైకి తేలుతుంది.

ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే, "పాకురే కద సార్, వానలు పడితే అదే పోతది" అన్నారు.

మైక్రోస్కోపుతో పేరు తెలుస్తుంది, విషం సంగతి తెలియదు. చూడటానికి ఒక్కలాగే ఉన్న మైక్రోసిస్టిస్‌లో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్‌ను తయారు చేస్తాయి, కొన్ని చెయ్యవు. ఆ విషాన్ని తయారుచేసే జన్యువులు ఉన్నదీ లేనిదీ పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్షతో తేలుతుంది. నీళ్లలో విషం ఎంతుందో మళ్లీ వేరే పరీక్షతో కొలవాలి. సముద్రంలోనూ ఇదే తంటా. 1987లో కెనడాలో ఆల్చిప్పల్లాంటి మసెల్స్ తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. కారణం సూడోనిట్షియా అనే డయాటమ్ (ఒక రకం సూక్ష్మ ఆల్గే) చేసిన విషం. దాని జాతులు చాలావాటిని విడదీసి చెప్పాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపో డీఎన్ఏ పరీక్షో కావాల్సిందే.

సముద్రమే లేని మన రాష్ట్రంలో, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహాలతో సముద్రపు ఆల్గే తెట్టులను కనిపెడుతోంది. సంతోషమే. మరి మన చెరువులను చూసేదెవరు?

మరగబెట్టుకుని తాగుతాం కదా అంటారు చాలామంది. మరగబెడితే మైక్రోసిస్టిన్ పోదు. రోజూ తాగే నీటిలో అది లీటరుకు 1 మైక్రోగ్రాము దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 1996లో బ్రెజిల్‌లోని కరువారులో ఈ విషం కలిసిన నీటితో డయాలసిస్ చేయించుకుని 50 మందికి పైగా చనిపోయారు.

కరోనా కాలంలో వరంగల్‌లోనే ఆర్టీపీసీఆర్ పరీక్షలు చేసుకున్నాం. యంత్రం కొత్తదేం కాదు, చేతులూ కొత్తవి కావు. కాకతీయ విశ్వవిద్యాలయంలో బోటనీ చదివే పిల్లలున్నారు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ధర్మసాగర్, వడ్డేపల్లి వంటి తాగునీటి చెరువుల నీళ్లను వారానికోసారి మైక్రోస్కోపు కింద చూసి, అనుమానం వచ్చినవాటిని పీసీఆర్‌కు పంపాలి. ఫలితం కట్ట మీద బోర్డు రాసి పెట్టాలి, ఫైల్లో పెడితే మాకెట్లా తెలుస్తుంది?

మా ఊళ్లో బర్రెలు కాసే పిలగాడికి మాత్రం, "ఆ పచ్చటి మూలకు తోలకు బిడ్డా" అని చెప్పొచ్చాను.

– రిటైర్డ్ బోటనీ లెక్చరర్, హన్మకొండ